పలకని దేవుణ్ని పాడిన అయ్యగారు

అయ్యగారు పోయారని తిరుమలగిరి నుంచి ఫోను వచ్చింది. నేను నమ్మలేదు. ఫోనులో చెప్పిందల్లా నమ్మే రోజులు కావివి. ఎవరు మాట్లాడుతున్నారు, ఏ వాడ, అయ్యగారికి మీరేమవుతారు అని అడిగాను. అవతలి పిల్ల ఏడుస్తూనే ఓపికగా చెప్పింది.

"నేను అయ్యగారి బిడ్డనే అమ్మమ్మా. పొద్దున ఛాయ్ ఇయ్యబోతే లేవలే."

పెట్టేశాను. మళ్లీ అదే నంబరుకు మా కోడలి చేత చేయించాను. మళ్లీ అదే గొంతు. అప్పుడు గడప మీద కూర్చుండిపోయాను.

"సావు కబురు గూడ రెండుసార్లు అడిగి తెల్సుకుంటవా అత్తమ్మా?" అంది కోడలు.

అడుగుతాను. నా తీరే అంత. పోసిన పాలు చూస్తాను, డాక్టరు రాసిన గోలీ చూస్తాను, గుడిలో విన్న ప్రసంగాన్ని కూడా ఇంటికి తెచ్చుకుని అటూ ఇటూ తిప్పి చూస్తాను. మేళ్లచెరువు పక్కన మా ఊరి క్రైస్తవుల గుడికి చాలా ఏళ్లు అయ్యగారుగా, అంటే పాదిరిగా ఉన్న ఆ మనిషిని అందరికంటే ఎక్కువ అనుమానించింది నేనే. పొగిడేవాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్లు పొగడనీ. నేను చూసింది చూసినట్టు చెబుతాను. నా చదువు మూడో తరగతి. తప్పులుంటే సర్దుకుని చదువుకోండి.

మా గుడి ఇంగ్లండు దొరల కాలం నాటిది. రాతి గోడలు, రేకుల కప్పు, ముందు చిన్న గంట. ఇంగ్లండులో ఉన్న ఆంగ్లికన్ సంఘం నుంచే మన సంఘం వచ్చిందని పెద్దలు చెప్పేవారు. ఆరాధనకు ఒక పుస్తకం ఉంటుంది. అయ్యగారు ఏమనాలో, మేమేమనాలో అందులో రాసి ఉంటుంది. సిమెంటు ఫ్యాక్టరీల దుమ్ము వచ్చి బల్లల మీద తెల్లగా పేరుకుంటుంది. మా ఆయన పోయిన తర్వాత ఆ దుమ్ము తుడిచే పని నేను పెట్టుకున్నాను. పొద్దున్నే పోయి ఊడ్చి, తుడిచి, పీఠం మీద గుడ్డ సరిచేసి వచ్చేదాన్ని.

తెలంగాణ వచ్చిన కొత్తల్లో ఈ అయ్యగారు మా ఊరికి వచ్చారు. సన్నటి మనిషి. తెల్ల అంగీ అంచుతో కళ్లద్దాలు తుడుచుకునే అలవాటు, దాంతో ఆ అంచు ఎప్పుడూ మాసి ఉండేది. తాగిన కప్పు తానే కడుక్కునేవారు. ఎవరి ఇంటికి పోయినా కుర్చీ వద్దని అరుగు మీద కూర్చునేవారు. నాకు నచ్చనిది ఒకటుండేది. ఏదైనా అడిగితే వెంటనే జవాబు చెప్పరు. మనల్ని చూస్తూ ఊరుకుంటారు. వినబడలేదేమోనని మనం మళ్లీ అడగబోయేసరికి, నెమ్మదిగా చెబుతారు. అంతసేపు ఆలోచించి చెప్పేది నిజమెలా అవుతుందని నా అనుమానం. ఫ్యాక్టరీ సైరను మోగితే మధ్యలోనే మాట ఆపి కళ్లు మూసుకునేవారు.

"నిద్రొస్తాందా అయ్యా?" అని ఒకసారి అడిగాను.

"లేదమ్మా. దాని మాట అయిపోనీ," అన్నారు.

ఒకరోజు నేను బల్లలు తుడుస్తుంటే, అంగీలు పెట్టుకునే చిన్న గదిలోంచి పాట వినబడింది. మన కీర్తనల పుస్తకంలోది కాదు. ఏక్‌తార పట్టుకుని ఇళ్ల ముందు నిలబడే బైరాగుల తత్వం లాగా ఉంది రాగం. గుడ్డ చేతిలో పట్టుకుని తలుపు దగ్గరికి పోయి విన్నాను.

"పిలిచి పిలిచి గొంతు ఎండె, పలకవేమి సామీ
పలికితే నువు దూరముంటివి, పలకకుంటే లోననుంటివి"

అది విని భయపడ్డాను. ఎందుకో చెప్పాలి. మా దిక్కున పలకడం అంటే చిన్న మాట కాదు. ఏ దేవుడి గురించైనా 'పలుకుతడు' అంటే, మొక్కినవాళ్లకు జవాబిస్తాడని. ఈ దేవుడు పలికాడు కాబట్టే మేం ఈ గుడికి వచ్చామని మా అవ్వ చెప్పుకునేది. ఆమెకు అక్షరం ముక్క రాదు. ఆ ఒక్క మాట పట్టుకునే బతికింది. అలాంటిది, తెల్ల అంగీ తొడుక్కున్న అయ్యగారే దేవుడు పలకడం లేదని రాగం తీసి పాడితే ఏమనుకోవాలి?

ఆయన బయటికి రాగానే అడిగేశాను. "ఎవల పాటయ్యా అది?"

"నాదేనమ్మా."

"మన పుస్తకంల ఉన్నదా?"

"లేదు."

"పుస్తకంల లేనిది గుడిల పాడొచ్చునా?"

"గుడిల పాడలే. అంగీల గదిల పాడిన."

జవాబు సరిగ్గానే ఉంది. మరీ సరిగ్గా ఉన్న జవాబు మీద నాకు ఇంకా అనుమానం.

నా భయానికి ఇంకో కారణం ఉంది. అది అప్పటికి ఎవరికీ చెప్పలేదు. మా ఆయన పోయిన నాటి నుంచి నా ప్రార్థన ఎండిపోయింది. మోకాళ్ల మీద ఉంటాను, నోరు కదులుతుంది, లోపల ఏమీ ఉండదు. వెనకట అలా ఉండేది కాదు. కళ్లు మూసుకుంటే ఎవరో ఎదురుగా కూర్చుని వింటున్నట్టు ఉండేది. ఇప్పుడు ఖాళీ ఇంటి ముందు నిలబడి పిలిచినట్టుంది. మా చెల్లెలి బిడ్డ నన్ను హుజూర్‌నగర్‌లో ఒక కొత్త ప్రార్థన మందిరానికి తీసుకుపోయింది. అక్కడి బోధకుడు మైకులో గట్టిగా చెప్పాడు. "దేవుడు అందరితోని మాట్లాడుతడు. నీతోని మాట్లాడుతలేడంటే నీ ఇంట్ల పాపం దాగి ఉన్నది. ఎతుకు!"

ఇంటికి వచ్చి వెతకడం మొదలుపెట్టాను. నా పాపమా? కొడుకుదా? కోడలిదా? పోయిన మా ఆయనదేమోనని కూడా అనుమానపడ్డాను. ఆ మాట అనుకున్నందుకు మళ్లీ ఏడ్చాను. దేవుడు నన్ను గడప బయట పెట్టి తలుపు వేశాడా? నేను పోయిన రోజున కూడా ఇలాగే పిలిచి పిలిచి బయటే నిలబడతానా? అన్నం సహించేది కాదు. సరిగ్గా ఆ రోజుల్లో ఆయన పాట నా చెవిన పడింది.

ఆ పాట అంగీల గదిలో ఆగలేదు. ఎలా పోయిందో, నాట్లు వేసే ఆడవాళ్ల నోట్లోకి పోయింది. కాలువ కింద పొలాల్లో వంగి నారు పెడుతూ వాళ్లు అదే పాడుతున్నారు. ఆదివారం ఆరాధన అయ్యాక కమిటీ పెద్ద లేచాడు.

"అయ్యగారూ, మీ తత్వం పొలాలల్ల మోగుతాంది. సామీ అంట! రేపటి సంది మనం గూడ ఏక్‌తార పట్టుకొని ఊర్ల మీద పడుదామా?"

జనం నవ్వారు. అయ్యగారు కూడా నవ్వారు. తర్వాత ఊరుకున్నారు. ఆ ఊరుకోవడం చూసి, దొరికిపోయాడనుకున్నాను.

"ఇది నేను కొత్తగ తెచ్చింది కాదు," అన్నారు చివరికి. "ఇంగ్లండుల మన సంఘం మొదలైన కాలం నుంచి గిసొంటి పద్యాలు కట్టిన పాదిరులు ఉన్నరు. మనసొంటి చిన్న చిన్న ఊర్లల్లనే. పొద్దున గంట కొట్టి పుస్తకం సదివేటోళ్లు, మిగిలిన పొద్దుల దేవునితోని కొట్లాడేటోళ్లు. పలుకుతలేవని కొందరు అలిగిండ్రు. కనబడకుంట చెయ్యి పట్టుకున్నవని కొందరు మురిసిండ్రు. దేవుణ్ని పెనిమిటి అన్నోళ్లున్నరు, శత్రువు అన్నోళ్లున్నరు. వాళ్లను ఎవరూ గుడి నుంచి ఎల్లగొట్టలే. వాళ్ల పద్యాలల్ల కొన్ని తర్వాత కీర్తనలైనయి."

"వాళ్లు దొరలయ్యా. దొరలు అలిగితే చెల్లుతది," అన్నాడు కమిటీ పెద్ద. ఈసారి ఇంకా ఎక్కువ నవ్వారు.

నేను వెనక బల్ల మీద నుంచి అడిగాను. "దొరలు రాసిండ్రని నిజమైతదా?"

అయ్యగారు నా వైపు తిరిగారు. "కాదమ్మా. అందుకే నేను గూడ ఇంకా చూస్తున్న," అన్నారు.

ఒక అయ్యగారు అందరి ముందు 'ఇంకా చూస్తున్న' అంటాడని నేను అనుకోలేదు. ఆయన్ని చూసే కొద్దీ నా అనుమానం పెరిగింది.

ఆరాధనలో ఆ పాట పాడకూడదని తీర్మానం చేశారు. ఆయన సరేనన్నారు. పంతం పట్టలేదు. పుస్తకంలో ఉన్న ప్రార్థనల్లో ఒక్క ముక్క ఆయన ఎన్నడూ విడిచిపెట్టలేదు, ఒక్క ముక్క కలపలేదు. ఎండాకాలం కరెంటు పోయి అందరం చెమటలు కక్కుతున్నా మొత్తం చదివించేవారు. "పాటలు కట్టేటాయనకు గింత పుస్తకం పట్టింపు ఎందుకయ్యా?" అని అడిగితే, సాగర్ కాలువ వైపు చెయ్యి చూపించారు. "పుస్తకం గట్టమ్మా. పాట నీళ్లు. గట్టు తెగితే నీళ్లు ఊర్లు ముంచుతయి. నీళ్లు రాకుంటే వట్టి గట్టు మీద ఎవరు కూసుంటరు?"

చివరికి నా సంగతి ఆయన్నే అడగాలనుకున్నాను. నాదని చెప్పడానికి నోరు రాలేదు.

"మా వాడల ఒక ముసలామె ఉన్నదయ్యా," అన్నాను. "ఆమెకు దేవుడు పలుకుతలేడంట. ఆమె ఇంట్ల పాపమున్నదా?"

"అందరి ఇండ్లల్ల ఉన్నట్టే ఉంటది. గాని అది కారణం కాదు."

"మరేంది?"

ఆయన ముందున్న ఛాయ్ మీద మీగడ కట్టింది. అంతసేపు ఊరుకున్నారు. "ఆ ముసలామె బజార్ల ఉండి 'ఓ కోడలా' అని పిలిస్తే, ఇంట్ల నుంచి కోడలు 'ఆ' అని పలుకుతది. పక్కనే కూసోని బియ్యం ఏరుతాంటే పలుకుతదా? ఆమెను పిలిచే పనే లేదు గద."

"మా కోడలు పక్కన కూసున్నా పలుకది, బజార్ల ఉన్నా పలుకది," అన్నాను.

ఆయన పడీపడీ నవ్వారు. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "సరే, ఆ ముసలామెకు గీ మాట చెప్పుండ్రి. పాపం ఎతుకుడు ఆపుమనుండ్రి. పాపాత్ములకు గిట్లయితదని కాదు. ప్రేమించినోళ్లకు గూడ అయితది. ముందుగాల వాళ్లకే అయితది."

బయటికి వచ్చేటప్పుడు నడక తేలికైనట్టే అనిపించింది. ఇంటికి చేరేసరికి మళ్లీ బరువెక్కింది. బతకని మనిషికి కూడా డాక్టరు 'ఏం గాదు, ఫికర్ చెయ్యకు' అంటాడు. నన్ను ఊరడించడానికి చెప్పిన మాటేమో అది? ఆయనకు నిజంగా తెలుసా? ఆ మాట అబద్ధమైతే హుజూర్‌నగర్ బోధకుడు చెప్పిందే నిజమవుతుంది, నేను గడప బయటే మిగిలిపోతాను. ఇక ఆ రోజు నుంచి ఆయన్ని కనిపెట్టి చూశాను. తినేటప్పుడు, ప్రార్థించేటప్పుడు, ఎవరూ చూడడం లేదనుకున్నప్పుడు. ఎప్పుడైనా దొరుకుతాడని.

అమ్మగారు, అంటే ఆయన భార్య, జ్వరంతో నాలుగు రోజులు మంచాన పడి చనిపోయారు. సమాధి చేసిన మర్నాడు పొద్దున నేను కావాలనే తొందరగా గుడికి పోయాను. ఇప్పుడు తెలుస్తుంది అనుకున్నాను. ఆయన అప్పటికే వచ్చి తన చోట నిలబడి ఉన్నారు. గుడిలో ఇంకెవరూ లేరు. పుస్తకం పట్టుకుని బైబిల్లోని దావీదు కీర్తన చదువుతున్నారు. నేను తలుపు పక్కనే ఆగిపోయాను. ఒక వాక్యం చదివారు. ఆగారు. చాలాసేపు ఆగారు. తర్వాత చదివింది దాని తర్వాతి వాక్యం కాదు, దాన్ని విడిచి ఆ తర్వాతిది. మళ్లీ ఆగారు. మళ్లీ ఒకటి విడిచి ఇంకోటి.

దుఃఖంలో కళ్లు కనబడడం లేదేమో, మతి తప్పిందేమో అనుకున్నాను. ఉండబట్టలేక ముందుకు పోయాను.

"అయ్యా, వాక్యాలు ఎగ్గొడుతున్నరు."

"ఎగ్గొట్టుతలేనమ్మా. అవి నావి కావు."

"మరెవలివి?"

ఆయన నన్ను చూశారు. అప్పుడు నాకు తట్టింది. మా గుడిలో దావీదు కీర్తనను మార్చి మార్చి చదువుతాం. ఒక వాక్యం అయ్యగారిది, తర్వాతిది జనానిది. ఆయన తన వాక్యం చదివి, ఎదుటివాళ్ల వాక్యం చదవడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపు ఆగుతున్నారు. ఎదుట ఎవరూ లేరు. జనం బల్లల్లో మొదటి బల్ల అమ్మగారిది. అది ఖాళీగా ఉంది.

"ఎవలూ లేరు గదయ్యా," అన్నాను.

"అందుకని వాళ్ల వాక్యం గూడ నేనే సదువుకుంటనా? నాది నేను సదువుతున్న. వాళ్లది వాళ్లకు ఇడిసిపెట్టిన."

నేను పుస్తకం తీసుకుని నిలబడ్డాను. నాకు గడగడా చదవడం రాదు. వేలు పెట్టి ఒక్కో మాటా కూడబలుక్కోవాలి. ఎదుటి వాక్యం నేను చదివాను. ఒక చోట ఒత్తు పలకలేక ఆగిపోయాను. ఆయన అందించలేదు. నేను దాటేదాకా ఆగి, తర్వాత తన వాక్యం అందుకున్నారు. ఆ పొద్దు అలా ముగించాం. తర్వాత చాలా పొద్దులు అలాగే గడిచాయి. దుమ్ము తుడవడం, కీర్తన చదవడం, ఇంటికి పోవడం.

ఆయన మంచివారని నాకు ఆనాడే తెలిసింది. అయినా నా అనుమానం తీరలేదు. ఇంకాస్త లోపలికి పోయింది. ఈయన కూడా ఆగి ఆగి చూస్తున్నాడు, ఈయనకు కూడా ఎవరూ పలకడం లేదు, మరి పక్కనే ఉన్నాడని నాకు ఏ ధైర్యంతో చెప్పాడు? అడగాలని ఎన్నోసార్లు నోటిదాకా వచ్చింది. 'ఆ ముసలామె ఎట్లున్నది?' అని ఆయనే అడిగేవారు అప్పుడప్పుడు. 'ఉన్నదయ్యా, ఇంకా నమ్ముతలేదు' అనేదాన్ని. 'నమ్మకుంటే నమ్మకపాయె, పిలుసుడు ఆపొద్దను' అనేవారు. ఇద్దరం ఆ ముసలామె ఎవరో ఎన్నడూ పైకి అనుకోలేదు.

తర్వాత ఆయనకు రిటైర్మెంటు వచ్చింది. తిరుమలగిరిలో బిడ్డ దగ్గరికి పోయారు. కొత్త అయ్యగారు వచ్చారు. మంచి పిల్లవాడు, చకచకా జవాబులు చెబుతాడు. ఆ మధ్య, పాత అయ్యగారు మంచం పట్టారని, దవాఖాన నుంచి ఇంటికి పంపించేశారని తెలిసింది. నా కొడుకును వెంటబెట్టుకుని బస్సెక్కాను. చూసి రావాలని పోయాను. నిజం చెప్పాలంటే అడిగి రావాలని కూడా పోయాను. మంచం మీద ఉన్న మనిషి ఊరడింపు మాటలు చెప్పడు కదా.

ఆయన సమాధి ఎలా జరిగిందో చాలామంది చూశారు. పుస్తకంలో ఉన్నదే చదివారు, ఒక్క ముక్క ఎక్కువ లేదు, తక్కువ లేదు. ఆయనకు నచ్చేది. నేను మాత్రం అంతకు ముందు, బస్సెక్కి పోయిన ఆ మధ్యాహ్నం చూసింది చెప్పి ఆపుతాను.

మార్కెట్ వెనక చిన్న ఇల్లు. కిటికీ పక్కన మంచం. మనిషి సగమయ్యారు. నన్ను గుర్తుపట్టారు. నా కొడుకు బయట అయ్యగారి బిడ్డతో మాట్లాడుతున్నాడు. నేను స్టూలు దగ్గరికి లాక్కున్నాను.

"అయ్యా, ఒక్కటడుగుత. గీసారి ఆ ముసలామె కోసం కాదు, నాకోసమే. అబద్ధం చెప్పొద్దు."

తల ఆడించారు.

"దేవుడు మీకు పలికిండా? ఇప్పుడన్న?"

బయట బండి మీద ఎవరో ఉల్లిగడ్డలని అరుస్తూ పోయారు. ఆ అరుపు దూరమయ్యేదాకా ఆగారు.

"లేదమ్మా."

"ఇన్నేండ్లల్ల ఎన్నడన్న?"

"నా చెవులకైతే లేదు."

"మరి నాకు గట్ల ఎట్ల చెప్పిండ్రు? పక్కన్నే ఉంటడని?"

"నేను గూడ అదే పట్టుకొని ఉన్న. నీకు ఇయ్యడానికి నా దగ్గర ఇంకోటి లేకుండె." ఊపిరి తీసుకున్నారు. "నా దగ్గరున్నదే ఇచ్చిన."

"భయమైతలేదా?"

"అయితాంది," అన్నారు. తర్వాత, "జర," అన్నారు.

నా అనుమానం ఆ 'జర' దగ్గర ఆగింది. ఊరడించే మనిషైతే భయం లేదంటాడు. దేవుడు పిలిచాడు, వెలుగు కనబడింది అంటాడు. ఈయన తను తినేదాంట్లోంచే తీసి నాకు పెట్టాడు. ఇంట్లో ఇంకోటి దాచుకోలేదు. దేవుడు పక్కన ఉన్నాడా లేడా అన్నది నాకు ఈ రోజుకీ తెలియదు, ఒట్టు వేసి చెప్పలేను. కానీ నేను గడప బయట ఉన్నానంటే, ఆ గడప బయట నా పక్కనే ఈయన కూడా నిలబడి ఉన్నారు. దేవుడు వెళ్లగొట్టిన మనిషి కాదాయన. అది నేను కళ్లారా చూశాను. ఇక పాపం వెతకడానికి నా చేతులు రావు.

ఆయన కళ్లు మూసుకున్నారు. నేను లేవబోతూ చూశాను. రెండు చేతులూ దుప్పటి మీద, ఒకదాని మీద ఒకటి, అరచేతులు పైకి తెరిచి ఉన్నాయి. మా గుడిలో పీఠం ముందు మోకరించి ప్రభు బల్లలో అయ్యగారు పంచే రొట్టె అందుకునేటప్పుడు అలాగే పట్టాలి. ఎడమ చెయ్యి కింద, కుడి చెయ్యి పైన. లాక్కోకూడదు, పెట్టేదాకా ఆగాలి. జీవితమంతా ఆ మనిషి నిలబడి మా చేతుల్లో పెట్టినవాడే.

అయ్యగారి బిడ్డ లోపలికి వచ్చి మెల్లగా అంది. "పొద్దటి సంది గిట్లనే పెడుతుండు అమ్మమ్మా. సలిపెడుతదని దుప్పట్లకు తోస్తే మళ్ల బయటికి తీస్తుండు."

నా అలవాటు పోదు. వంగి ఆ అరచేతుల్లోకి చూశాను. ఏమీ లేదు. కిటికీ లోంచి పడ్డ ఎండ మాత్రం ఉంది. ఎవరో ఇవ్వబోతున్నట్టు, అందుకోవడానికి కొంచెం పైకి లేచి ఉన్నాయి ఆ చేతులు.